లాండ్రీ యంత్రానికి బెల్టు మార్చడం: బిగుతు ఎంత ఉండాలి

అందరికీ నమస్కారం. ఈ రోజు నాకు అప్పగించిన అంశం పైకి చాలా చిన్నది. హోటళ్లలో, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో రోజంతా ఆగకుండా నడిచే పెద్ద బట్టలుతికే యంత్రానికి బెల్టు తెగితే కొత్తది ఎలా వేయాలన్నదే ఆ అంశం. చేయి తిరిగిన మెకానిక్ అరగంటలో ముగించే పనికి ఇంత సేపు మాట్లాడవలసినది ఏముందని మీలో కొందరికి అనిపించవచ్చు. బెల్టు వేయడం నిజంగానే అరగంట పని. అయితే వేసిన బెల్టు మూడు నెలలు తిరగకుండా మళ్లీ తెగిపోయినా, బెల్టు చెక్కు చెదరకుండా ఉండి మోటారు బేరింగు మాత్రం మోత పెట్టడం మొదలైనా, దానికి కారణమైన తప్పు చాలాసార్లు ఆ అరగంటలోనే, అందులోనూ మోటారు బోల్టులు బిగించిన చివరి రెండు నిమిషాల్లోనే జరిగి ఉంటుంది. అందువల్ల నేను విప్పడం, తొడగడం వంటి విషయాలను త్వరగా దాటి, బిగుతు దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

ముందుగా ఈ బెల్టు మీద ఎంత భారం పడుతుందో చూద్దాం. 80 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్మును ఉదాహరణగా తీసుకోండి. అది నిమిషానికి సుమారు 47 చుట్లు తిరిగితే, అంచున ఉన్న బట్టను బయటికి నెట్టే బలం ఆ బట్ట బరువుతో సమానమవుతుంది. అప్పుడు బట్ట పై నుంచి కింద పడకుండా డ్రమ్ముకు అంటుకుపోతుంది కాబట్టి, ఉతికేటప్పుడు వేగాన్ని అంతకంటే తక్కువగానే ఉంచుతారు. పిండే దశలో అదే డ్రమ్ము 700 చుట్లు తిరిగిందనుకుంటే, అంచున ఉన్న ప్రతి కిలో బట్టా సుమారు 219 కిలోల బరువుతో డ్రమ్మును ఒత్తుతుంది. నీళ్లు తాగి బరువెక్కిన బట్టలను ఆ తక్కువ వేగం నుంచి ఈ వేగానికి తీసుకుపోయే కొద్దిపాటి వ్యవధిలోనే బెల్టు మీద అత్యధికమైన లాగుడు పడుతుంది. దీనికి తోడు, ఉతికే దశలో డ్రమ్ము కొంతసేపు ఒక వైపు, కొంతసేపు మరో వైపు తిరుగుతుంది. దిశ మారిన ప్రతిసారీ బెల్టులో బిగువుగా ఉన్న భాగం వదులవుతుంది, వదులుగా ఉన్నది బిగుసుకుంటుంది. ఒకే దిక్కున తిరిగే ఫ్యాను బెల్టుకు ఈ అవస్థ లేదు.

ఇక ఈ లాగుడును బెల్టు ఎలా మోస్తుందన్నది. గుండ్రని దుంగకు చుట్టిన తాడు ఎప్పుడు జారుతుందో 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ లెక్క కట్టాడు. ఆ లెక్క ఇప్పటికీ మన యంత్రాల్లో పనిచేస్తోంది. మోటారు పుల్లీ, అంటే బెల్టు కూర్చునే గాడి ఉన్న చక్రం, వ్యాసం 100 మిల్లీమీటర్లు, డ్రమ్ము పుల్లీ వ్యాసం 600 మిల్లీమీటర్లు, ఆ పుల్లీలను మోసే రెండు షాఫ్టుల (ఇరుసుల) మధ్య దూరం 700 మిల్లీమీటర్లు అనుకుంటే, బెల్టు చిన్న పుల్లీని సగం చుట్టు కూడా పట్టుకోదు. సుమారు 138 డిగ్రీల మేర మాత్రమే దానిని ఆనుకుని ఉంటుంది. బెల్టుకూ పుల్లీకీ మధ్య రాపిడి ఎంతో చెప్పే రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఆ కొద్దిపాటి పట్టుతో చదునైన బెల్టు బిగువు వైపు లాగుడు వదులు వైపు కంటే రెండింతలు కాగానే జారిపోతుంది. అదే వీ ఆకారపు బెల్టు గాడిలో చీలలా దిగి రెండు పక్కలనూ ఒత్తుతుంది కాబట్టి, ఆ నిష్పత్తి దాదాపు ఎనిమిదింతలు అయ్యేదాకా జారకుండా నిలబడుతుంది. బెల్టు పట్టు అంతా దాని పక్కల్లోనే ఉంటుంది, అడుగున ఏమీ ఉండదు. గాడి అరిగి బెల్టు అడుగు గాడి నేలను తాకిందంటే, వీ బెల్టు కాస్తా చదును బెల్టుగా మారిపోయినట్టే. అప్పుడు మీరు ఎంత బిగించినా అది జారుతూనే ఉంటుంది.

విప్పే ముందు జాగ్రత్తల సంగతి. యంత్రం ముందున్న స్విచ్ ఆపితే చాలదు. బ్రేకరు దించి, దానికి మీ సొంత తాళం వేసి, తాళం చెవి మీ జేబులో వేసుకుని, పని జరుగుతోందని చీటీ తగిలించాలి. ఇన్వర్టర్ (మోటారు వేగాన్ని మార్చే విద్యుత్ పరికరం) ఉన్న యంత్రమైతే కరెంటు ఆపిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో దాని మీదే ముద్రించి ఉంటుంది, అంతసేపూ ఆగి మల్టీమీటరుతో చూసుకోవాలి. నీటి వాల్వులు, ఆవిరి వాల్వు మూయాలి, డ్రమ్ములో నీరు ఉంటే వదిలేయాలి.

చాలామంది మరిచిపోయే విషయం మరొకటి ఉంది. అనేక యంత్రాలలో డ్రమ్ముకు బ్రేకు మోటారు ద్వారానే, అంటే ఈ బెల్టు ద్వారానే అందుతుంది. పిండే దశ మధ్యలో బెల్టు తెగితే డ్రమ్మును ఆపేవారు ఉండరు. మోటారు ఆగిన చాలాసేపటి దాకా అది తన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. శబ్దం తగ్గింది కదా అని వెంటనే వెనుక మూత తీయకూడదు. డ్రమ్ము పూర్తిగా ఆగిన తరువాత కూడా లోపల తడి బట్టలు ఒక వైపు కుప్పపడి ఉంటే, ఆ బరువైన వైపు ఎప్పుడైనా కిందికి దిగుతుంది, దానితో పాటు వెనుక ఉన్న పెద్ద పుల్లీ తిరుగుతుంది. ఆ పుల్లీ ఆకుల మధ్య మీ చేయి ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. బట్టలు తీసేయండి, తీయడానికి వీలు లేకపోతే పుల్లీ కదలకుండా కొయ్యముక్క అడ్డు పెట్టండి. ఉంగరాలు, గొలుసులు, వేలాడే చేతులున్న చొక్కాలు ఈ పనికి తగవు.

ఇప్పుడు తెగిన బెల్టును చేతిలోకి తీసుకోండి. దానిని వెంటనే చెత్తబుట్టలో వేసే మెకానిక్‌ను నేను మంచి మెకానిక్‌గా లెక్కపెట్టను. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తూ ఉంటే, అది తెగకముందు ఎంతో కాలం జారుతూ వేడెక్కిందని అర్థం. బిగుతు చాలలేదు, లేదా గాడి అరిగింది. ఒక్క పక్క మాత్రమే అరిగి పోగులు లేచి ఉంటే రెండు పుల్లీలూ ఒక వరుసలో లేవు. అడుగున అడ్డంగా చీలికలు బారి ఉంటే వేడి వల్లనో, వయసు మీరడం వల్లనో రబ్బరు గట్టిపడింది. ఉబ్బి, మెత్తగా, జిగటగా ఉంటే దాని మీద నూనె పడింది, అది డ్రమ్ము బేరింగు దగ్గరి నుంచి కారిందేమో చూడాలి. అక్కడి సీలు పాడైతే గ్రీజు బయటికి, నీరు లోపలికి వెళ్తాయి, అప్పుడు బెల్టు సమస్య మీకున్న సమస్యల్లో అతి చిన్నది అవుతుంది. ఇవేవీ లేకుండా, కత్తితో కోసినట్టు ఒకేచోట తెగి, మిగిలిన బెల్టంతా కొత్తదానిలా ఉంటే, ఏదో ఒక్కసారిగా అడ్డుపడి ఉండాలి, లేదా కిందటిసారి తొడిగినవారు దానిని బలవంతంగా ఎక్కించి ఉండాలి.

ఈ చివరి మాట నా అనుభవంతోనే చెబుతున్నాను. పనిలో చేరిన కొత్తలో ఒక లాండ్రీలో బెల్టు మార్చవలసి వచ్చింది. మోటారు బోల్టులు తుప్పుపట్టి కదలలేదు. వాటితో కుస్తీ పట్టే ఓపిక లేక, బెల్టును చిన్న పుల్లీకి తగిలించి, పెద్ద పుల్లీ అంచు మీదికి పెద్ద స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించాను. పది నిమిషాల్లో పని అయిపోయిందని పొంగిపోయాను. ఆ బెల్టు పదకొండో రోజున తెగింది. తీసి చూస్తే స్క్రూడ్రైవరు నొక్కిన చోటే తెగి ఉంది. బెల్టు బలమంతా రబ్బరులో కాదు, లోపల పై భాగానికి దగ్గరగా నిడివి పొడుగునా వేసిన పాలిస్టరు లేదా అరామిడ్ దారాల్లో ఉంటుంది. పైకి ఏ గాయమూ కనబడకుండానే ఆ దారాల్లో కొన్నింటిని నేను ఆ రోజు తెంపేశాను. మిగిలిన దారాలు పది రోజులు మోశాయి. అప్పటి నుంచి తుప్పు వదిలించే ద్రవం కొట్టి, అది పనిచేసేదాకా టీ తాగి వచ్చినా సరే, బోల్టులు వదులు చేసి, మోటారును డ్రమ్ము వైపు పూర్తిగా జరిపి, బెల్టు చేత్తోనే సులువుగా గాడిలో పడేటట్టు చేసుకున్న తరువాతే తొడుగుతున్నాను.

కొత్త బెల్టు తొడిగే ముందు పుల్లీలను చూడాలి. గాడుల్లో పేరుకున్న బట్టల నూగును, రబ్బరు పొడిని పొడి గుడ్డతో తుడవండి. గాడి పక్కలు తిన్నగా ఉండాలి. స్కేలు అంచు ఆనించి చూసినప్పుడు పక్క లోపలికి గిన్నెలా తవ్వినట్టు ఉండి, ఆ లోతు 0.8 మిల్లీమీటర్లు దాటితే పుల్లీ మార్చవలసిందే. సాధారణంగా చిన్న పుల్లీయే ముందు అరుగుతుంది, ఎందుకంటే పెద్దది ఒక్క చుట్టు తిరిగేలోపు అది మన ఉదాహరణలో ఆరు చుట్లు తిరుగుతుంది, పైగా బెల్టు దానిని పట్టుకునే మేర కూడా తక్కువ. ఇదే సమయంలో, బెల్టు లేదు కాబట్టి, డ్రమ్మునూ మోటారునూ విడివిడిగా చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, షాఫ్టు పైకీ కిందికీ కదిలినా ఆ విషయం ఇప్పుడే తెలుస్తుంది. బెల్టు ఎక్కిన తరువాత ఈ అవకాశం ఉండదు.

బెల్టు ఎంపికలో జరిగే పొరపాట్లు ఎక్కువగా కొలతల పేర్ల దగ్గరే వస్తాయి. ‘ఏ’ (A) అనే రకం వీ బెల్టుకు పై వెడల్పు 13 మిల్లీమీటర్లు, మందం 8. ఎస్‌పీఏ (SPA) రకానికి కూడా పై వెడల్పు సుమారు 13 మిల్లీమీటర్లే, కానీ మందం 10. రెండింటినీ పక్కపక్కన చూడకపోతే ఒకదాని బదులు మరొకటి వేసేయడం తేలిక. గాడిలో కూర్చోవడం చూసి మనం మోసపోతాం. పొడవు విషయంలోనూ ఇదే తిరకాసు ఉంది: పాత పద్ధతిలో ‘ఏ 68’ (A68) అంటే లోపలి చుట్టుకొలత 68 అంగుళాలని అర్థం కాగా, ఎస్‌పీఏ పక్కన ఉండే సంఖ్య దారాల వరుస దగ్గర కొలిచిన పొడవును మిల్లీమీటర్లలో చెబుతుంది. తెగిన బెల్టు మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే, దానిని నేల మీద పరిచి కొలవవద్దు, ఎందుకంటే అది సాగి ఉంటుంది. రెండు షాఫ్టుల మధ్య దూరానికి రెండింతలు, రెండు వ్యాసాల మొత్తాన్ని 1.57తో గుణించిన ఫలితం, వ్యాసాల తేడా వర్గాన్ని మధ్య దూరానికి నాలుగింతలతో భాగించిన ఫలితం, ఈ మూడూ కూడితే పొడవు వస్తుంది. మన ఉదాహరణకు 1400, 1099, 89 కలిపి సుమారు 2588 మిల్లీమీటర్లు. మోటారు జరిగే మేర మధ్యలో ఉన్నప్పటి దూరంతో ఈ లెక్క వేస్తే, తొడగడానికీ తరువాత బిగించడానికీ రెండు వైపులా చోటు మిగులుతుంది.

రెండు, మూడు బెల్టులు పక్కపక్కన నడిచే యంత్రాల్లో ఒక్కటి తెగినా అన్నీ మార్చాలి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి, కొత్తది ఒక్కటే వేస్తే భారమంతా దాని మీదే పడుతుంది. మిగిలిన పాతవి బాగానే ఉన్నాయి కదా అని యజమాని అడుగుతాడు. ఆయనకు ఈ మాటే చెప్పండి. సన్నటి పక్కటెముకల్లాంటి గీతలున్న పాలీ వీ బెల్టు వాడే యంత్రాలలో గీతల సంఖ్య, గీతల మధ్య దూరం రెండూ సరిపోవాలి. పీజే రకంలో ఆ దూరం 2.34 మిల్లీమీటర్లు, పీఎల్ రకంలో 4.7.

తొడిగిన తరువాత అలైన్‌మెంట్, అంటే రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడటం. పెద్ద పుల్లీ ముఖం మీదుగా చిన్న పుల్లీ ముఖం దాకా దారం బిగించి పట్టుకుంటే, రెండు ముఖాలకూ నాలుగు చోట్ల అది ఒకేసారి తాకాలి. పుల్లీల అంచుల మందం వేరువేరుగా ఉంటే మాత్రం ముఖాలతో కాక గాడుల మధ్యలతో సరిచూడాలి. మోటారు బోల్టులు బిగించేటప్పుడు మోటారు కొద్దిగా మెలి తిరుగుతుంది కాబట్టి, ఈ పరీక్ష బిగించకముందు ఒకసారి, బిగించిన తరువాత మరొకసారి చేయాలి.

ఇప్పుడు బిగుతు. చాలామంది బొటనవేలితో నొక్కి, తలూపి, బోల్టు బిగించేస్తారు. బొటనవేళ్లన్నీ ఒకటి కావు. నా వేలికి గట్టిగా తోచినది మీ వేలికి వదులుగా తోచవచ్చు. అందరూ పాటించదగిన కొలత ఇది: రెండు పుల్లీల మధ్య బెల్టు దేనినీ ఆనకుండా తిన్నగా సాగే నిడివి కొలవండి, దాని మధ్యలో స్ప్రింగు త్రాసుతో అడ్డంగా లాగండి, ప్రతి 100 మిల్లీమీటర్ల నిడివికి 1.6 మిల్లీమీటర్ల చొప్పున బెల్టు వంగడానికి ఎంత బలం పట్టిందో చూడండి. మన ఉదాహరణలో ఆ నిడివి సుమారు 654 మిల్లీమీటర్లు, కాబట్టి వంపు పదిన్నర మిల్లీమీటర్లు. ఆ వంపుకు ఎంత బలం పట్టాలో బెల్టు రకాన్ని బట్టి, చిన్న పుల్లీ వ్యాసాన్ని బట్టి తయారీదారు పట్టికలో రెండు అంకెలుగా, కనిష్ఠం, గరిష్ఠం అని ఇస్తాడు. కొత్త బెల్టును పై అంకె దగ్గర ఉంచాలి.

చెవితో చూసే పద్ధతి కూడా ఉంది. బెల్టును తంబుర తీగలా మీటితే అది ఒక స్థాయిలో మోగుతుంది, ఆ మోతను సెకనుకు ఎన్ని కంపనాలో ఫోను మైకుతో కొలవవచ్చు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కంపనాల సంఖ్య రెట్టింపు అయితే బిగుతు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకని స్థాయిలో కొద్దిపాటి తేడాను కూడా పోనీలే అని వదలకూడదు.

జారకుండా ఉండాలంటే గట్టిగా బిగిస్తే సరి కదా, కొలతలెందుకు అని అడిగేవారు ఉంటారు. బెల్టును బిగించినప్పుడు మీరు రెండు షాఫ్టులను ఒకదాని వైపు ఒకటి లాగుతున్నారు, ఆ లాగుడు రాత్రీ పగలూ యంత్రం ఆగి ఉన్నా బేరింగుల మీద ఉంటుంది. బాల్ బేరింగు ఆయుష్షు భారం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. అంటే భారం పాతిక శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, భారం రెట్టింపు అయితే ఎనిమిదో వంతు మాత్రమే మిగులుతుంది. డ్రమ్ము బేరింగు ఎలాగూ డ్రమ్ము బరువును, బట్టల ఒరుగుడును మోయడానికి పెద్దదిగా తయారైనది కాబట్టి కొంత తట్టుకుంటుంది. మోటారు ముందు బేరింగు మాత్రం ప్రధానంగా బెల్టు లాగుడునే మోస్తుంది, అది ముందు పోతుంది. బెల్టు మార్చడానికి అరగంట. మోటారు బేరింగుకు ఒక పూట. డ్రమ్ము బేరింగు మార్చాలంటే యంత్రాన్ని దాదాపు సగం విప్పాలి. కాబట్టి సరైన బిగుతు అంటే, బట్టలు నిండుగా ఉండి పిండే దశకు వేగం పుంజుకుంటున్నప్పుడు కూడా బెల్టును జారనీయని బిగుతుల్లో అన్నింటికంటే తక్కువది. బెల్టు కీచుమన్న ప్రతిసారీ ఇంకో చుట్టు బిగించడం కొందరికి అలవాటు. ఆ కీచు గాడి అరుగుదల వల్ల వచ్చిందో, నూనె వల్ల వచ్చిందో చూడకుండా బిగిస్తే, బెల్టు చేయవలసిన ఫిర్యాదును బేరింగుకు బదిలీ చేయడమే అవుతుంది. బెల్టు మీద జిగురు మందులు చల్లడం, సబ్బు రాయడం కూడా అటువంటి చికిత్సలే. రెండు రోజులు శబ్దం పోతుంది, ఆ తరువాత రబ్బరు పాడవుతుంది.

బిగించిన తరువాత బెల్టును చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి. తిప్పేటప్పుడు వేళ్లతో పట్టుకోకుండా, రెండు పుల్లీల నడుమ అరచేతిని చదునుగా ఆనించి తోయాలి. ఆ తిప్పడంతో బెల్టు గాడుల్లో సరిగా కూర్చుంటుంది, బిగుతు కొద్దిగా తగ్గుతుంది. అప్పుడు మళ్లీ కొలవాలి. మూత పెట్టిన తరువాతే తాళం తీసి కరెంటు ఇవ్వండి. ముందు ఖాళీ డ్రమ్ముతో రెండు దిక్కులా నడపండి, తరువాత నిండు బట్టలతో ఒక పూర్తి ఆవృత్తి నడిపి, పిండే దశకు వేగం పెరిగేటప్పుడు యంత్రం పక్కనే నిలబడి వినండి.

కొత్త బెల్టు మొదటి రోజుల్లోనే ఎక్కువగా సర్దుకుంటుంది. పక్కల మీది గరుకుతనం అరిగి అది గాడిలోకి కొంచెం దిగుతుంది, దారాలు కొంచెం సాగుతాయి. అందువల్ల యంత్రం 24 నుంచి 48 గంటలు నడిచిన తరువాత మళ్లీ వెళ్లి, త్రాసు పెట్టి, పట్టికలోని రెండు అంకెల మధ్యకు బిగుతును తీసుకురావాలి. బెల్టు మార్చిన రోజున వెళ్లే మెకానిక్‌లు నాకు చాలామంది తెలుసు, రెండో రోజున తిరిగి వెళ్లేవారు తక్కువ. ఆ రెండో రాక మరిచిపోకుండా నేను వెనుక మూత లోపలి వైపున చెరగని సిరాతో బెల్టు రకం, పొడవు, మార్చిన తేదీ, వంపు ఎంత, దానికి పట్టిన బలం ఎంత అని రాసి, దాని కింద రెండో కొలత కోసం ఒక గీత ఖాళీగా వదిలి వస్తాను.